కళ్ళకలకకు నల్లద్దాలు దేనికి?

అశోక్‌నగర్‌లో పోటీ పరీక్షల అభ్యర్థుల కోసం నేను నడుపుతున్న చిన్న రీడింగ్ రూములో 60 కుర్చీలున్నాయి. 2023 జూలై చివరి వారంలో, హైదరాబాదు నగరానికి ముసురు పట్టి తెరిపి లేకుండా కురుస్తున్న రోజుల్లో, కళ్ళకలక వల్ల వాటిలో సగానికి పైగా ఖాళీ అయిపోయాయి. మిగిలినవాళ్ళలో కొందరు నల్లద్దాలు పెట్టుకుని ట్యూబ్‌లైట్ల కింద రాజ్యాంగం అధికరణలు వల్లె వేస్తూ కూర్చునేవారు. ఆ దృశ్యాన్ని చూసి నవ్వుకున్నవాళ్ళలో నేనూ ఒకణ్ణి. నవ్వుకోవడంతో ఆగకుండా గోడకు ఒక కాగితం కూడా అంటించాను: "కళ్ళకలక వచ్చినవారు నల్లద్దాలు లేకుండా లోపలికి రాకూడదు." ఆ కాగితం మీది రాత నాదే. అది ఎందుకు తప్పో, ఆ తప్పు వల్ల ఎవరికి ఏం జరిగిందో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

కలక ఉన్నవాడి కళ్ళల్లోకి చూస్తే మనకూ అంటుకుంటుందన్న మాట మా ఇంట్లో అమ్మ నోట విన్నాను, బడిలో పంతులుగారి నోట విన్నాను, చివరికి రీడింగ్ రూముకు వచ్చే పట్టభద్రుల నోట కూడా విన్నాను. జీవశాస్త్రం ప్రశ్నలకు చకచకా జవాబులు గుర్తించే కుర్రవాళ్ళు సైతం ఎర్రకళ్ళ మిత్రుడు ఎదురైతే ముఖం పక్కకు తిప్పుకొని, అదే క్షణంలో అతని చేతిలోని పెన్ను తీసుకునేవారు. నాకు ఇందులో వింతగా తోచేది ఇదే. చూపును తప్పించుకున్నామన్న ధీమాతో చేతిని మరిచిపోతాం.

కలకను కలిగించే వైరస్ కన్నీటిలోనూ పుసిలోనూ ఉంటుంది. కన్ను దురద పెడితేనో మండితేనో రోగి దాన్ని నలుపుకుంటాడు, ఆ వేళ్ళతో తలుపు గడియో, నీళ్ళ కూలరు కుళాయో, లిఫ్టు మీటో తాకుతాడు. తర్వాత దాన్ని తాకినవాడు తనకు తెలియకుండానే తన కన్ను తుడుచుకుంటాడు. మనం రోజుకు ఎన్నిసార్లు ముఖం తాకుతామో ఒక గంటసేపు లెక్కపెట్టుకుంటే మనకే సిగ్గేస్తుంది. పైగా నీళ్ళు కారుతున్న ఎర్రకన్ను ఎదురుగా కనబడితే మన కంట్లోనూ ఏదో నలుసు పడినట్టనిపించి చెయ్యి దానంతటదే పైకి లేస్తుంది. ఆ రకంగా చూపుకు కూడా కొంత పాత్ర ఉందని ఎవరైనా వాదిస్తే నేను కాదనను. కానీ అప్పుడు కూడా నేరం చేసింది చెయ్యే.

ఇంత తప్పుడు నమ్మకం ఇన్ని తరాలు ఎందుకు నిలిచిందంటే, దానికి సాక్ష్యంలాంటిది ఒకటి అనుభవంలో దొరుకుతూ ఉంటుంది. కలక తెచ్చే వైరసులలో ఎంటెరోవైరస్ జాతికి చెందినవి సోకిన ఒకటి రెండు రోజుల్లోనే, ఒక్కోసారి సగం రోజులోనే, లక్షణాలు చూపిస్తాయి. నిన్న సాయంత్రం ఎర్రకళ్ళ స్నేహితుణ్ణి చూశాం, ఇవాళ పొద్దున రెప్పలు అంటుకుపోయాయి. మధ్యలో జరిగిన కరచాలనం గుర్తుండదు, ఎర్రటి కళ్ళు మాత్రం గుర్తుంటాయి. జలుబుకు ఇలాంటి కథ పుట్టకపోవడానికి కారణం బహుశా జలుబు అంత భయంకరంగా కనబడకపోవడమే.

ఆ ఎంటెరోవైరస్ రకం కలకకు లోకమంతా చిత్రమైన పేర్లు పెట్టింది. 1969లో ఘానాలో అది మొదటిసారి పెద్దయెత్తున వ్యాపించినప్పుడు, అదే ఏడాది అపోలో నౌకలో వెళ్ళి మనిషి చంద్రుడి మీద కాలు పెట్టాడు కాబట్టి, అక్కడివాళ్ళు దాన్ని అపోలో జబ్బు అన్నారు. 1971లో తూర్పు పాకిస్తాన్ నుంచి కాందిశీకులు తరలివచ్చిన కాలంలో కలకత్తాలో విజృంభించిన కలకకు ఆ నగరవాసులు బంగ్లాదేశ్ విముక్తి నినాదమైన "జై బంగ్లా" అని పేరు పెట్టారు. పక్కవాడే తెచ్చాడని అనుకోవడం ఏ భాషలోనైనా సులువే. మన పేరు మాత్రం ఎవరినీ నిందించదు. కలక అంటే నీరు బురదగా కదిలిపోవడం. చెరువులో నీరు కలకబారే కాలానికే కళ్ళు కూడా కలకబారతాయని గమనించి ఆ మాట పెట్టినవాళ్ళు, కారణం తెలియకపోయినా కాలాన్ని సరిగ్గానే పట్టుకున్నారనిపిస్తుంది.

2023లో దేశంలోని పలు నగరాలలో సేకరించిన నమూనాలలో ప్రయోగశాలలకు ఎక్కువగా దొరికింది కాక్సాకీ ఏ24 అనే ఎంటెరోవైరస్ రూపాంతరం. కన్ను హఠాత్తుగా ఎర్రబడడం, ఇసుక పోసినట్టు గరగరలాడడం, తెల్లగుడ్డు మీద రక్తపు మరకలు కనిపించడం, వారం పది రోజుల్లో దానంతటదే సర్దుకోవడం దాని నడక. మెహిదీపట్నం సరోజినీదేవి కంటి ఆసుపత్రి ముందు ఆ రోజుల్లో పొద్దున్నే కట్టిన వరుసలు చూసినవాళ్ళకు ఈ జబ్బు నడక ఎంత వేగమో వేరే చెప్పనవసరం లేదు.

ఇక కలకకు ఇంకో ప్రధాన కారణమైన ఎడినోవైరస్ నిదానస్తుడు. సోకిన తర్వాత వారం పదిరోజులకు గానీ బయటపడదు. మొదట ఒక కన్ను, నాలుగైదు రోజులకు రెండో కన్ను. చెవి ముందు చిన్న గడ్డ తగులుతుంది. కొందరిలో ఎరుపు తగ్గాక కార్నియా మీద, అంటే నల్లగుడ్డును కప్పి ఉండే పారదర్శకమైన పొర మీద, బొట్లు బొట్లుగా మచ్చలు ఏర్పడి నెలల తరబడి చూపు మసకగా ఉంటుంది. రోగి సుమారు రెండు వారాల పాటు దాన్ని ఇతరులకు అంటించగలడు. ఈ వైరస్ పొడిగా ఉన్న ప్లాస్టిక్ మీద, లోహం మీద రోజులు కాదు, వారాలు బతికి ఉంటుంది.

దీనికి తోడు కరోనా మనకు నేర్పిన అలవాటు ఒకటి ఇక్కడ మోసం చేస్తుంది. మా గుమ్మం దగ్గర 2020 నుంచీ శానిటైజరు సీసా ఉంది, దాన్ని చూసుకుని నేను నిశ్చింతగా ఉన్నాను. కరోనా వైరస్ చుట్టూ కొవ్వుతో కూడిన పొర ఉంటుంది, ఆల్కహాలు తగిలితే అది చెదిరిపోతుంది. ఎడినోవైరస్‌కు గానీ ఎంటెరోవైరస్‌కు గానీ ఆ పొర లేదు, అందువల్ల ఆల్కహాలు వాటి మీద అంత గట్టిగా పనిచేయదు. సబ్బు రాసి, రుద్ది, పారే నీటి కింద కడుక్కుంటే అవి చేతి మీది నుంచి కొట్టుకుపోతాయి. మా వాష్‌బేసిన్ దగ్గర ఆ రోజుల్లో సబ్బు లేదు. అంతకంటే అపాయకరమైనది ఉంది, దాని సంగతి చెబుతాను.

మధ్యాహ్నం భోజనం చేసి వచ్చి చదవడానికి కూర్చున్న కుర్రవాళ్ళకు మూడు గంటల వేళ కునుకు పడుతుంది. కునుకు పోవడానికి లేచి వెళ్ళి ముఖం కడుక్కుంటారు. కడుక్కున్న ముఖం తుడుచుకోవడానికి, చేతిరుమాలు తెచ్చుకోనివాళ్ళ సౌకర్యార్థం, బేసిన్ పక్కన మేకుకు ఒక తువ్వాలు నేనే వేలాడదీశాను. రెండు రోజులకొకసారి ఉతికించేవాణ్ణి కూడా. వానాకాలంలో అది ఎప్పుడూ తడిగానే ఉండేది. ఆ వారం ఎంతమంది ముఖాలు ఆ తువ్వాలు తుడిచిందో తలుచుకుంటే, నేను గోడకు అంటించిన కాగితం నాకే వెక్కిరింతలా కనిపిస్తుంది. దీనికి తోడు వచ్చేటప్పుడూ వెళ్ళేటప్పుడూ ప్రతివాడూ ఒకే గాజు పలక మీద బొటనవేలు పెట్టాల్సిన హాజరు యంత్రం. నల్లద్దాలు పెట్టుకున్నవాడు కూడా వేలు పెట్టాల్సిందే.

అద్దాల వల్ల లాభం లేకపోతే పోయింది, నష్టం ఏముందని నన్ను అడిగినవాళ్ళున్నారు. అద్దాల వల్ల రోగికి కొంత సుఖం ఉన్న మాట నిజం. వెలుగు చూడలేక కళ్ళు ముడుచుకునేవాడికి అవి నీడనిస్తాయి, మాటిమాటికీ కన్ను నలుపుకోవడానికి కాస్త అడ్డం కూడా వస్తాయి. నా అభ్యంతరం అద్దాల మీద కాదు, అవి ఇచ్చే అనుమతి మీద. అద్దాలు పెట్టుకున్నవాడు తన వంతు జాగ్రత్త తీసుకున్నట్టు, కాబట్టి బస్సెక్కవచ్చు, ఆఫీసుకు వెళ్ళవచ్చు, పెళ్ళిలో వడ్డించవచ్చు. అవి లేకపోతే ఇంట్లో ఉండాల్సిన మనిషిని అవి ధైర్యంగా జనంలోకి పంపిస్తాయి. నా కాగితం చేసిన పని సరిగ్గా అదే. "రావద్దు" అని రాయవలసిన చోట "ఇలా రండి" అని రాశాను.

ఎందుకు అలా రాశానో కూడా చెప్పాలి. రావద్దంటే నెల రుసుములో వారం రోజులది తిరిగి ఇవ్వాల్సి వస్తుంది. వాళ్ళ వైపు నుంచి చూస్తే, పరీక్ష తేదీ తరుముకొస్తున్నప్పుడు హాస్టల్ గదిలో ఐదుగురి మధ్య పడుకుని వారం పోగొట్టుకోవడం కన్నా ఎర్రకళ్ళతోనైనా వచ్చి కూర్చోవడమే మేలనిపిస్తుంది. వ్యాప్తికి కారణాలేమిటని వైద్య గ్రంథాలలో చూస్తే కిక్కిరిసిన నివాసం, ఉమ్మడి తువ్వాళ్ళు, తగినంత క్లోరిన్ లేని ఈతకొలనులు, చేతుల శుభ్రత లేకపోవడం అని ఉంటుంది. ఈ నగరంలో వీటి పక్కన జీతం కోతను కూడా చేర్చాలన్నది నా అభిప్రాయం. రోజు కూలీ పోగొట్టుకోలేని ఇంటి పనిమనిషి, సెలవు అడగలేని సెక్యూరిటీ గార్డు, హాజరు శాతం తగ్గితే పరీక్షకు కూర్చోనివ్వరని భయపడే ఇంటర్ పిల్ల, వీళ్ళందరి చేతుల మీదుగానే కలక ఊరు తిరుగుతుంది. వాళ్ళకు శుభ్రత గురించి ఉపన్యాసం ఇవ్వడం సులభం, నాలుగు రోజుల జీతం ఇచ్చి ఇంట్లో కూర్చోబెట్టడం కష్టం.

వ్యవస్థ తానే జబ్బును పంచిపెట్టిన ఉదంతాలు కొత్తవి కావు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికా నౌకానిర్మాణ కేంద్రాలలో ఎడినోవైరస్ కలక ఎంతగా వ్యాపించిందంటే దానికి "షిప్‌యార్డ్ కన్ను" అనే పేరే స్థిరపడింది. కార్మికుల కళ్ళల్లో లోహపు రజను పడేది, దాన్ని తీయించుకోవడానికి అక్కడి వైద్యశాలకు వెళ్ళేవారు, ఒకరి కంటికి వాడిన పనిముట్లూ మందు చుక్కలూ సరిగా శుద్ధి కాకుండానే ఇంకొకరి కంటికి చేరేవి. నలుసు తీయించుకోవడానికి వెళ్ళినవాడు కలకతో తిరిగి వచ్చేవాడు. ఈనాటికీ కంటి వైద్యశాలలు ఈ జబ్బు విషయంలో అంత పట్టింపుగా ఉండడానికి, ఎర్రకళ్ళ రోగులను వేరే వరుసలో కూర్చోబెట్టడానికి కారణం ఇదే.

ఇప్పటి వరకూ చెప్పింది దానంతటదే తగ్గే జబ్బు గురించి. నన్ను నిజంగా కుదిపినది వేరే సంగతి.

ఆ వారమే నల్లగొండ వైపు నుంచి వచ్చి చదువుకునే ఒక అబ్బాయి, నాట్లకు ఇంటికి వెళ్ళి, తిరిగి వచ్చాడు. ఎడమ కన్ను ఎర్రగా ఉంది. నేను అతన్ని ఏమీ అడగలేదు. గోడ మీది కాగితం వైపు చూపించాను. అతను బయటికి వెళ్ళి అద్దాలు కొనుక్కుని, పక్కనే ఉన్న మందుల దుకాణంలో చుక్కల మందు కూడా కొనుక్కుని వచ్చి కూర్చున్నాడు. "కలకే సార్, అందరికీ ఇదే ఇస్తున్నం అన్నరు" అని నాకు చెప్పాడు. రెండు రోజుల్లో ఎరుపు నిజంగానే కొంత తగ్గింది. నాలుగో రోజు తల బల్ల మీద ఆనించుకుని కూర్చుంటే దగ్గరికి వెళ్ళి అద్దాలు తీయించాను. నల్లగుడ్డు మీద, ఒక పక్కగా, సున్నం చుక్క పెట్టినట్టు తెల్లగా ఉంది. అప్పుడు అడిగితే చెప్పాడు, పొలం గట్టు మీద గడ్డి కోస్తుండగా గడ్డిపోచ కంట్లో గీసుకుందని.

కంటి ఆసుపత్రిలో ఆ పుండు మీది నుంచి కొంచెం గీసి తీసి సూక్ష్మదర్శిని కింద చూస్తే శిలీంధ్రపు (ఫంగస్) పోగులు కనిపించాయి. అతను వాడిన చుక్కల మందులో స్టెరాయిడ్ ఉంది. స్టెరాయిడ్ చేసే పనేమిటంటే కంటి రక్షణ వ్యవస్థను నెమ్మదింపజేయడం. అందువల్ల ఎరుపు, నొప్పి తగ్గి రోగికి నయమవుతున్నట్టే అనిపిస్తుంది, అడుగున శిలీంధ్రం మాత్రం అడ్డు లేకుండా లోతుకు పాకుతుంది. హెర్పిస్ వైరస్ వల్ల వచ్చిన పుండు మీద వేసినా ఇంతే. ఎడినోవైరస్ కలకలోనైతే వైరస్ కంట్లో ఉండే కాలాన్ని పెంచుతుంది. ఎక్కువ కాలం వాడితే కంటి ఒత్తిడి పెరిగి చూపు నరం దెబ్బతినవచ్చు, శుక్లం రావచ్చు. కార్నియా మీద ఎడినోవైరస్ మచ్చలు పడి చూపు బాగా మసకబారినప్పుడు వైద్యులు కొందరికి వీటిని జాగ్రత్తగా కొలిచి ఇస్తారు, అది వేరు. వైద్యుడి చీటీ లేకుండా అమ్మకూడని మందు అది, సీజన్ మందుగా చేతికి అందింది.

మన ప్రాంతంలో శిలీంధ్రపు కంటిపుండు అరుదైన విషయం కాదు. హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ నేత్ర విజ్ఞాన సంస్థ 2002లో ప్రచురించిన ఒక పరిశీలనలో పదేళ్ళలో వచ్చిన ఇటువంటి 1352 కేసుల వివరాలున్నాయి. వాటిలో ప్రధానంగా కనబడిన ఫ్యుజేరియం, ఆస్పర్జిల్లస్ అనే రెండు శిలీంధ్రాలూ మట్టిలోనూ కుళ్ళిన ఆకులలోనూ ధాన్యపు ధూళిలోనూ బతికేవే. వరికర్ర, గడ్డిపోచ, ఊక, ఎద్దు తోక, ఇవే మన రైతు కూలీల కంటికి శత్రువులు. ఈ పుండు మనిషి నుంచి మనిషికి అంటదు. అయినా కలక కాలంలో వచ్చిందంటే కలక కిందే జమ అయిపోతుంది. కార్నియాలో రక్తనాళాలు ఉండవు కాబట్టి మానడం చాలా నెమ్మది. ఆ అబ్బాయి నాటమైసిన్ అనే తెల్లటి మందును మొదటి రోజుల్లో గంటగంటకూ వేసుకోవాల్సి వచ్చింది. మానిన చోట పల్లెల్లో "పువ్వు" అనే తెల్లమచ్చ మిగిలింది. నల్లగుడ్డు నడుమ కాకుండా పక్కన పడడం వల్ల చూపు చాలావరకు దక్కింది.

ఇంకో చిక్కు కూడా ఉంది. వానాకాలంలో బురదనీరు కంట్లో చిందినవాళ్ళకు మైక్రోస్పోరిడియా అనే సూక్ష్మజీవి వల్ల కూడా కన్ను ఎర్రబడుతుంది, కార్నియా మీద చిన్న చిన్న చుక్కలు ఏర్పడతాయి. బయటికి చూస్తే అచ్చంగా కలకలాగే ఉంటుంది. హైదరాబాదు వైద్యులు దీన్ని ఆరోగ్యవంతులలోనే గుర్తించి వివరంగా రాశారు. చాలామందిలో దానంతటదే తగ్గుతుంది కాబట్టి భయపడాల్సినది కాదు గానీ, ఆషాఢ శ్రావణాలలో ఎర్రబడిన కన్ను ప్రతిదీ ఒకే జబ్బు అనుకోకూడదని చెప్పడానికి పనికొస్తుంది. మామూలు మనిషి గుర్తుపెట్టుకోగలిగిన తేడాలు కొన్నే: కన్ను పోటుగా నొప్పి పెడుతుంటే, చూపు మసకబారితే, వెలుగు అసలు చూడలేకపోతుంటే, నల్లగుడ్డు మీద తెల్లమచ్చ కనబడితే, కంటికి దెబ్బ తగిలి ఉంటే, కాంటాక్ట్ లెన్సులు వాడుతుంటే, పుట్టిన నెలలోపు బిడ్డ అయితే, అది కలక అని మనం నిర్ణయించకూడదు. అదే రోజు కంటి వైద్యుడు చూడాలి.

మందుల దుకాణాన్ని తిట్టినంత సులువుగా ఇంటి వైద్యాన్ని తిట్టలేను. మూసిన రెప్పల మీద రాత్రి నందివర్ధనం పూలు పెడితే కలిగే చల్లదనం నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు, శుభ్రమైన తడిగుడ్డ పెట్టినా అదే పని జరుగుతుందని ఇప్పుడు తెలుసు. రెప్ప బయట ఉన్నంతవరకు పెద్దగా బాధ లేదు. ఆకుపసరు, చనుబాలు, ఆముదం కంటి లోపలికి పిండడం దగ్గరే హద్దు దాటుతాం. ముఖ్యంగా గీరుకున్న కంటిలో పసరు పోయడమంటే ఏ మట్టి శిలీంధ్రం రాకూడదో దాన్ని మనమే నాటడం.

నేపాల్‌లోని భక్తపూర్‌లో జరిగిన ఒక పని నాకు చాలా నచ్చింది. ఊళ్ళల్లో శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు, కంటికి గీత పడినవాళ్ళను పరీక్షించి, క్లోరాంఫెనికాల్ అనే యాంటీబయాటిక్ లేపనం మూడు రోజులపాటు వేశారు. దెబ్బ తగిలిన 18 గంటలలోపు వచ్చినవాళ్ళలో ఎవరికీ పుండు పడలేదు. పొలంలో గడ్డిపోచ గీసుకున్న ఆ సాయంత్రమే నల్లగొండ పల్లెలో ఎవరో ఒకరు టార్చి వేసి చూసి ఉంటే అన్న ఆలోచన నన్ను వదలదు. మన దేశంలో ట్రకోమా కథ చూసినా ఇదే అర్థమవుతుంది. ఒకప్పుడు చూపు పోవడానికి పెద్ద కారణాలలో ఒకటైన ఆ జబ్బును ప్రజారోగ్య సమస్యగా భారతదేశం నిర్మూలించిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 అక్టోబరులో ప్రకటించింది. అందులో శస్త్రచికిత్సకూ మందుకూ ఎంత వాటా ఉందో, పిల్లల ముఖం కడగడానికి ఇంటి దగ్గర నీళ్ళు ఉండడానికీ అంత వాటా ఉంది. కంటి అంటువ్యాధుల చరిత్రలో చూపు గురించి కన్నా నీళ్ళ గురించే ఎక్కువ రాయాల్సి ఉంటుంది.

ఆ ఆగస్టులోనే గోడ మీది కాగితం చించేశాను. మేకు మీద తువ్వాలు లేదు, బేసిన్ దగ్గర ద్రవ సబ్బు సీసా ఉంది, హాజరు యంత్రం స్థానంలో పాత పద్ధతి పుస్తకం పెట్టి ఎవరి పెన్ను వాళ్ళనే తెచ్చుకోమన్నాను. కళ్ళు ఎర్రబడినవాళ్ళు ఎన్ని రోజులు ఇంట్లో ఉంటే అన్ని రోజులు వాళ్ళ గడువుకు కలుపుతానని రాసి పెట్టాను. అబద్ధం చెప్పి గడువు పెంచుకుంటారని మా ఆవిడ అన్నది. ఒకరిద్దరు పెంచుకున్నారు కూడా, పోనీలే అనుకున్నాను. దానికి బదులుగా ఇప్పుడు వాళ్ళు మొదటి రోజే ఫోన్ చేస్తున్నారు. పోయిన వానాకాలంలో అలా ఫోన్ చేసిన ఒక అమ్మాయి, ఒక్క కన్నే ఎర్రబడిందనీ, వెలుగు చూడలేకపోతున్నాననీ చెప్పింది. దెబ్బ ఏమైనా తగిలిందా అని అడిగాను. కాసేపు ఆలోచించి, మొన్న ఊళ్ళో చెత్త కాలుస్తుంటే ఏదో పడిందంది. చుక్కల మందు ఏదీ వేసుకోకుండా వెంటనే మెహిదీపట్నం బస్సెక్కమన్నాను.